చెత్తబుట్ట దగ్గర నిలబడే పిల్లల గురించి మన బడికి ఒక లేఖ

పూజ్యులైన విచారణ గురువులు ఫాదర్ గారికి, ప్రధానోపాధ్యాయురాలు సిస్టర్ గారికి, మా పిల్లలకు చదువు చెబుతున్న టీచర్లందరికీ, రోజూ గేటు దగ్గర కలిసే తోటి తల్లిదండ్రులకూ నమస్కారం.

పోయినేడాది మావాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు రెండు మూడు రోజులకో పెన్సిల్ అడిగేవాడు. కొత్తది ఇస్తే చూస్తుండగానే బొటనవేలంత అయిపోయేది. మొదట్లో పోగొట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. తర్వాత వస్తువు విలువ తెలియడం లేదని ఒకరోజు బాగా తిట్టాను. వాడు తల దించుకుని విన్నాడు. ఎదురు మాట్లాడలేదు, కారణమూ చెప్పలేదు.

అసలు సంగతి చెప్పింది బడి ఊడ్చే ఆయమ్మ. ఒక సాయంత్రం గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "మీ బాబు ఇంటర్వెల్ అంతా చెత్తబుట్ట దగ్గరే నిలబడి పెన్సిల్ చెక్కుకుంటూ ఉంటాడమ్మా. ఆటకు పోడు. రోజూ చూస్తున్నాను. మీకు చెప్పొచ్చో లేదో తెలీక ఊరుకున్నాను" అంది.

ఆ రాత్రి పడుకునే ముందు మెల్లగా అడిగాను. చాలాసేపటికి నోరు విప్పాడు. "ఊరికే నిలబడితే అందరూ చూస్తారమ్మా. పెన్సిల్ చెక్కుతుంటే ఏదో పనిలో ఉన్నట్టు ఉంటుంది."

వాడికప్పుడు ఎనిమిదేళ్లు. తనకెవరూ లేరన్న సంగతి నలుగురికీ కనబడకుండా ఉండడానికి ఆ వయసులో ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. లెక్కేసుకుంటే పది వారాలకు పైగా అలాగే గడిచింది. అన్ని రోజులూ నేను వాడికి పెన్సిళ్లు కొనిస్తూ, తిడుతూ ఉన్నాను.

వాణ్ణి ఎవరూ కొట్టలేదు. ఎవరూ పేర్లు పెట్టి ఏడిపించలేదు. ఏడాది మొదట్లో సెక్షన్లు మార్చినప్పుడు వాడి ఇద్దరు స్నేహితులూ పక్క సెక్షన్‌కు వెళ్లిపోయారు. కొత్త సెక్షన్‌లో ఆటల జట్లు అప్పటికే కుదిరిపోయాయి. మొదటి వారం రెండుసార్లు అడిగాడట, "మేమే సరిపోతాం" అన్నారట. మూడోసారి అడగలేదు. జరిగింది అంతే. ఫిర్యాదు చేద్దామన్నా చేయడానికి ఏమీ లేదు. అందుకే ఎవరి కంటా పడలేదు.

ఆ టర్మ్ ప్రోగ్రెస్ కార్డులో ప్రవర్తన దగ్గర "చాలా మంచిది" అని రాసి ఉంది. క్లాసులో చప్పుడు చేయడు, చెప్పిన పని చేస్తాడు, గొడవలకు పోడు. ఆ మాట రాసిన టీచర్ గారిని నేను తప్పు పట్టను. నలభై మంది పిల్లల మధ్య అల్లరి చేసేవాడు కనిపిస్తాడు గానీ మౌనంగా ఉండేవాడు కనిపించడు. నా కొడుకు బాధ కన్నతల్లినైన నాకే కనబడలేదు.

ఆయమ్మ నాతో చెప్పిన మర్నాడే క్లాస్ టీచర్ గారికీ చెప్పిందట. ఆ టీచర్ గారు ఎవరినీ పిలిచి మందలించలేదు, క్లాసులో ఉపన్యాసం ఇవ్వలేదు. మొక్కలకు నీళ్లు పోసే పని మావాడికీ ఇంకో ఇద్దరికీ కలిపి అప్పగించారు. ఒక్కరి వల్ల కాని పని కాబట్టి ముగ్గురూ మాట్లాడుకోక తప్పలేదు. నెల తిరిగేసరికి వాడు మోకాళ్లు చెక్కుకుపోయి, చొక్కా మట్టి చేసుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆ మట్టి చొక్కా చూసి నేను ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను. టీచర్ గారికి అప్పుడు సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

మావాడి సంగతి బాగుపడింది కదా, మరి ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకని అడగవచ్చు. పోయిన వారం వాడు అన్నం తింటూ తింటూ అన్నాడు: "అమ్మా, ఇప్పుడు ఆ చోట ఒకటో తరగతి పాప నిలబడుతోంది. దానికి షార్ప్‌నర్ కూడా లేదు. ఊరికే గోడకు ఆనుకుని ఉంటుంది. నాది ఇచ్చాను."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా పిల్లవాడికి ఒక మంచి ఆయమ్మ, ఒక మంచి టీచర్ దొరికారు. అది వాడి అదృష్టం. ప్రతి పిల్లకూ అలాంటి అదృష్టం కలిసిరావాలని ఎదురుచూస్తూ కూర్చోవాలా, లేక బడి తరఫున మనమే ఏదైనా ఏర్పాటు చేసుకోవాలా? ఈ ఉత్తరంలో నేను అడుగుతున్నది ఇదొక్కటే.

మనది కతోలిక బడి. "మన బడి ఒక కుటుంబం" అని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. నేను ఆ మాటను నమ్ముతాను. అది అసెంబ్లీలోనో, బలిపూజలోనో, వార్షికోత్సవంలోనో తేలదని మాత్రం నాకు అర్థమైంది. అక్కడ అందరూ వరుసలో ఉంటారు, పక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. లంచ్ బెల్ కొట్టాక, వరుసలు చెదిరిపోయాక ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూస్తే తెలుస్తుంది మనది కుటుంబమా కాదా అని.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. పిల్లల కోసమే బతికిన పునీత జాన్ బోస్కో (1815–1888) ఈ మాటే ఎంతో బాధతో రాశారు. 1884 మే 10న ఆయన రోము నుంచి, ఇటలీలోని ట్యూరిన్ నగరంలో వల్దొక్కో అనే చోట తాను పెట్టిన బడిలో ఉన్న తన వాళ్లకు ఒక ఉత్తరం రాశారు. అందులో తనకు వచ్చిన కల చెబుతారు. కలలో పాత విద్యార్థి ఒకడు ఆయనకు తొలినాళ్ల ఆటస్థలం చూపిస్తాడు. పిల్లలు పరుగెడుతుంటారు, పాడుతుంటారు, గురువులు వాళ్ల మధ్యలోనే ఉంటారు. తర్వాత ఇంకో పాత విద్యార్థి అప్పటి ఆటస్థలం చూపిస్తాడు. స్తంభాలకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు, మూలల్లో ఒంటరిగా ఉన్నవాళ్లు, ఆట మీద ఆసక్తి పోయిన మొహాలు. పెద్దవాళ్లలో చాలామంది పిల్లల్ని పట్టించుకోకుండా తమలో తాము మాట్లాడుకుంటూ తిరుగుతుంటారు.

తన బడిలో ఏదో తప్పిందని ఆయనకు తెలిసింది ఆటస్థలం చూశాకే. పిల్లల మార్కులను బట్టి కాదు, చివరికి ప్రార్థనలను బట్టి కూడా కాదు. ఆ ఉత్తరంలో ఆయన తేల్చి చెప్పినది ఇదీ: పిల్లల్ని మనం ప్రేమిస్తే సరిపోదు, ప్రేమిస్తున్నామన్న సంగతి వాళ్లకు తెలియాలి. పిల్లలతో చనువుగా ఉంటే ప్రేమ పుడుతుంది, ప్రేమ ఉంటే నమ్మకం కుదురుతుంది, నమ్మకం కుదిరితేనే వాళ్లు మనసు విప్పుతారు.

గోడకు ఆనుకున్న పాప గురించి మావాడు చెప్పినప్పుడు నాకు ఆ స్తంభాలు గుర్తొచ్చాయి. 140 ఏళ్లు దాటినా ఆనుకుని నిలబడే పిల్లలు ఉంటూనే ఉన్నారు.

అందుకని మొదటి విన్నపం ఇంటర్వెల్ గురించి. దయచేసి ఆ సమయాన్ని శిక్షగా కోయకండి. హోంవర్క్ చేయలేదని, రాత బాగోలేదని, క్లాసులో మాట్లాడారని పిల్లల్ని లోపలే కూర్చోబెట్టి రాయించడం చాలా బడుల్లో ఉంది, మన దగ్గరా ఉంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013లో స్పష్టంగా చెప్పింది: విరామం పిల్లల సొంత సమయం, చదువు పేరుతో గానీ శిక్ష పేరుతో గానీ దాన్ని తీసేయకూడదు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదిలే ఆట ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆడుకునే హక్కును 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణంగా రాశారు. ఆ ఒడంబడికను మన పవిత్ర పీఠం (వాటికన్) మరుసటి ఏడాదే, 1990లోనే ఆమోదించింది. కనుక ఆట సమయం కాపాడమని అడగడం మన బడికి పరాయి మాట కాదు.

ఆటంటే ఒంటికి వ్యాయామం మాత్రమే అయితే నేను ఇంతగా పట్టుబట్టేదాన్ని కాదు. స్నేహం చేయడం పిల్లలు నేర్చుకునేది ఆ ఇరవై నిమిషాల్లోనే. అలగడం, మళ్లీ కలవడం, వంతు కోసం ఆగడం, ఓడిపోవడం, "నన్నూ చేర్చుకుంటారా" అని అడగడం, కాదన్నా తట్టుకోవడం. ఇవేవీ ఏ పీరియడ్‌లోనూ చెప్పరు. రోజూ శిక్ష పడేది ఎక్కువగా ఆ కొద్దిమంది పిల్లలకే. స్నేహాలు కుదరక ఇబ్బంది పడేవాళ్లు కూడా తరచుగా వాళ్లే. ఎవరికి ఆ సమయం అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే దాన్ని లాక్కుంటున్నాం.

రెండోది, ఆ సమయంలో పెద్దవాళ్లు పిల్లల మధ్య ఉండాలి. ఎవరైనా పడిపోతారేమో అని దూరంగా నిలబడి కాపలా కాయడం గురించి కాదు నేను చెప్పేది. తిరుగుతూ ఉండాలి, పేరు పెట్టి పలకరించాలి, అవసరమైతే తాడాట తాడు ఒక చివర పట్టుకోవాలి. పిల్లల మధ్య వేధింపుల గురించి 1970ల నుంచి పరిశోధించిన డాన్ ఒల్వేయస్ కొట్టడం, తిట్టడం మాత్రమే వేధింపు అనలేదు, కావాలని పదేపదే ఆటలోంచి వెలివేయడాన్నీ అందులోనే చేర్చారు. నార్వే బడుల కోసం ఆయన తయారు చేసిన పద్ధతిలో విరామ సమయంలో పెద్దల పర్యవేక్షణ ఒక ముఖ్యమైన భాగం. దెబ్బ కనిపిస్తుంది. వెలివేత కనబడాలంటే మాత్రం రోజూ అక్కడే ఉండి చూస్తున్న కన్ను కావాలి.

మన బడిలో ఆ కన్ను ఆయమ్మది. ఆవిడ పేరు స్టాఫ్ ఫొటోల బోర్డు మీద లేదు. టీచర్ల మీటింగుకు ఆవిణ్ణి పిలవరు. అయినా ఏ పిల్ల అన్నం తినకుండా డబ్బా మూసేస్తోందో, ఎవరు బాత్‌రూమ్‌లో ఎక్కువసేపు ఉంటున్నారో, ఎవరు గంట కొట్టేదాకా ఒంటరిగా తిరుగుతున్నారో ఆవిడకు తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ గారికి ఏ పిల్లవాడు పొద్దున ఏడుస్తూ వస్తున్నాడో తెలుసు. సిస్టర్ గారూ, నెలకొకసారి ఒక అరగంట వీళ్లందరినీ టీచర్లతో కలిపి కూర్చోబెట్టి "పిల్లల్లో మీకు ఎవరి గురించి దిగులుగా ఉంది?" అని అడగండి. అంతకంటే పెద్ద సర్వే ఏదీ అక్కర్లేదని నా నమ్మకం. చూసింది చెప్పొచ్చో లేదో తెలీక ఆవిడ పది వారాలు ఊరుకుంది. చెప్పొచ్చని మనం చెప్పకపోవడం వల్లే ఊరుకుంది.

సాయంత్రం గంటకు ముందు ఐదు నిమిషాల మౌనం, ప్రార్థన మన బడిలో ముందునుంచీ ఉన్న మంచి అలవాటు. పునీత ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలన దాని మూలం. రోజంతా ఒకసారి మనసులో తిప్పుకుని, దేవుడు ఎక్కడెక్కడ కనిపించాడో చూసుకోవడం. ఇప్పుడది చాలావరకు "ఈ రోజు నేను చేసిన తప్పులు" చుట్టూనే తిరుగుతోంది. చిన్నపిల్లలకు అది భారం. దాని బదులు రెండు ప్రశ్నలు వేయండి: ఈ రోజు నీతో ఎవరు మంచిగా ఉన్నారు? ఈ రోజు ఎవరు ఒంటరిగా ఉండడం చూశావు? రెండోదానికి జవాబు పైకి చెప్పించకండి, చీటీ మీద రాసి పెట్టెలో వేయనివ్వండి. వారానికొకసారి టీచర్ ఆ చీటీలు చూస్తే, ఒకే పేరు నాలుగైదు చీటీల్లో కనిపిస్తుంది. పిల్లలకు అన్నీ తెలుసు, మనం అడగం అంతే. మావాడి క్లాసులో అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే పది వారాలు పట్టేది కాదు, పది రోజుల్లో తెలిసిపోయేది.

సెక్షన్లు మార్చడం గురించి ఒక్క మాట. ఎందుకు మారుస్తారో నాకు అర్థమవుతుంది, అన్ని సెక్షన్లూ సమానంగా ఉండాలని. మార్చే ముందు ప్రతి పిల్లనూ "నీకు ఇష్టమైన ముగ్గురి పేర్లు రాయి" అని అడిగి, ముగ్గురిలో ఒక్కరైనా పక్కన ఉండేలా చూడగలరా? దానికి ఒక సాయంత్రం పని పడుతుందేమో. పునీత జాన్ బాప్తిస్త్ ద లా సాల్, 1950లో పన్నెండవ భక్తినాథ (పయస్) పోపు గారు ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించిన ఆయన, తన బడుల్లో ఒక్కొక్క పిల్లవాడి గుణాలూ స్వభావమూ రాసి ఉంచే పట్టీలు పెట్టించారు. కొత్త టీచర్‌కు మార్కుల జాబితా ఒక్కటే కాకుండా పిల్లవాడి సంగతి కూడా తెలియాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. మూడు వందల ఏళ్ల కిందటి ఆ పని మనం మళ్లీ చేయొచ్చు. "ఈ పిల్లకు తండ్రి దూరంగా ఉంటాడు", "ఇతను అడిగితే తప్ప మాట్లాడడు", "వీళ్లిద్దర్నీ విడదీయకండి" అని రెండు రెండు వాక్యాలు చాలు.

మన బడి మీద నాకు కోపం ఉందని ఎవరైనా అనుకుంటారేమో. అలా అనుకోకండి. రెండేళ్ల కిందట మా అత్తగారు పోయినప్పుడు ఈ బడి మాకు చేసిన మేలు నేను మరిచిపోలేను. వారం తర్వాత మావాణ్ణి బడికి పంపుతుంటే ఎలా ఉంటాడో అని టెన్షన్ పడ్డాను. టీచర్ గారు బోర్డు మీద మా అత్తగారి పేరు రాశారట. క్లాసంతా లేచి నిలబడి పరలోక జపం, మంగళవార్త జపం చెప్పారట. ఒక పిల్లవాడు తన పుస్తకంలో దాచుకున్న మరియమాత పటం తీసి వీడి చేతిలో పెట్టాడట. రెండు రోజులు రాయమని అడగకుండా బొమ్మలు వేసుకోనిచ్చారట. సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, నానమ్మ కోసం మా క్లాసందరూ జపం చేశారు" అన్నాడు. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఏడవని పిల్లవాడు అప్పుడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

చావు గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలియక చాలా బడులు మౌనంగా ఉండిపోతాయి. మనకు మాటలున్నాయి. నవంబర్ 2న పోయినవాళ్లందరినీ తలచుకునే రోజు ఉంది, పేరు పెట్టి ప్రార్థించే అలవాటు ఉంది, కొవ్వొత్తి వెలిగించి కాసేపు మాట్లాడకుండా కూర్చోవడం పిల్లలకు ముందే తెలుసు. ఆ రోజు మా పిల్లవాణ్ణి ఆదుకున్నవి అవే. ఇంత చేయగలిగిన బడి ఇంటర్వెల్‌లో ఒక పాపను ఒంటరిగా వదిలేయాల్సిన అవసరం లేదన్న నమ్మకంతోనే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది మా ఇంటి సంగతి కాదు, మా పక్కింటివాళ్లది. వాళ్లు కతోలికులు కారు. వాళ్లమ్మాయి మావాడి క్లాసే. 1910లో పదవ భక్తినాథ పోపు గారు ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (పిల్లలు బలిపూజలో మొదటిసారి పవిత్ర అప్పం తీసుకునే వేడుకకు) ఏడేళ్లకు అటూ ఇటూ వయసు చాలన్నప్పటి నుంచి ఆ వేడుక ప్రాథమిక పాఠశాల వయసులోకి వచ్చింది. ఆ కొద్ది నెలలూ మూడో తరగతి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పాటలు, సత్యోపదేశం, పాపసంకీర్తనకు (చేసిన తప్పులు గురువుకు చెప్పుకోవడానికి) సిద్ధపడడం, ఎవరు ఏ వరుసలో నడుస్తారన్న మాటలు. ఆ సమయంలో ఈ అమ్మాయినీ మరికొందరినీ వెనక బెంచీల్లో కూర్చోబెట్టి "మీరు హోంవర్క్ చేసుకోండి" అన్నారట. ఆ పాప ఇంటికి వెళ్లి "నేనేం తప్పు చేశాను?" అని అడిగింది.

ఎవరి విశ్వాసం వాళ్లది. ఆ పాపకు దివ్యసత్ప్రసాదం ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ఆ గంటలో ఆ పిల్లలకూ వాళ్లదైన పని ఒకటి ఉండాలి, వాళ్లతో ఒక టీచర్ ఉండాలి. తోటివాళ్ల వేడుక కోసం పూలు కట్టడమో, శుభాకాంక్షల కార్డులు రాయడమో చేస్తే వాళ్లూ అందులో భాగమవుతారు. కతోలికులు కాని పిల్లలు కూడా చదువుకునే కతోలిక బడులు తిరుసభకు ఎంతో ప్రియమైనవని రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28 నాటి విద్యా ప్రకటనలో చెప్పింది. మరి వెనక బెంచీలో కూర్చున్న ఆ పాపకు తాను ప్రియమైనదాన్నని తెలుస్తోందా?

ఇక టీచర్ల సంగతి. ఇవన్నీ చదువుతూ మీలో చాలామంది "ఇది కూడా మా నెత్తినేనా" అనుకుంటారని నాకు తెలుసు. అనుకోవడంలో తప్పు లేదు. మీకున్నది కూడా ఆ ఇరవై నిమిషాలే. అందులోనే మంచినీళ్లు తాగాలి, నోటు పుస్తకాలు దిద్దాలి, రికార్డులు నింపాలి. ఇంటికెళ్లాక మా మెసేజీలకు జవాబులివ్వాలి. రాత్రి పదింటికి "రేపటి హోంవర్క్ ఏంటి మేడం" అని నేనే పంపిన రోజులున్నాయి, అందుకు క్షమించండి. అలసిపోయిన మనిషిని ఆటస్థలంలో నిలబెడితే పిల్లలకు ఒరిగేది లేదు. ఆటస్థలంలో వంతులు వేసేటప్పుడు ఆ మేరకు ఇంకో పని తగ్గించాలి. ఫాదర్ గారూ, మేనేజ్‌మెంట్‌గా మీరు చూడవలసినది ఇది. వారానికి ఎన్ని పుస్తకాలు దిద్దించాలి, ఎన్ని ఫైళ్లు నింపించాలి అన్నది మీ చేతిలో ఉంది.

ఆ తగ్గించే పనిలో కొంత మేం మోయగలం. ఫైళ్లు కట్టడం, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడం, గోడ బోర్డులు సర్దడం వంటివి. పిల్లల చదువులో తొలి బాధ్యత తల్లిదండ్రులదేనని 1965 నాటి ఆ ప్రకటనే చెబుతుంది. టీచర్లు తల్లిదండ్రులతో కలిసి పనిచేయాలని, వాళ్ల మాట ఇష్టంగా వినాలని, వాళ్ల సంఘాలను, సమావేశాలను గౌరవించాలని 1983 నాటి తిరుసభ చట్టంలో 796వ నిబంధన ఉంది. మన పేరెంట్స్ మీటింగులు మాత్రం మార్కుల కాగితం మీద సంతకం పెట్టించి పంపేయడంతో ముగుస్తున్నాయి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో మొదటి నిమిషం "మీ అమ్మాయి స్నేహితులెవరు?" అన్న ప్రశ్నకు ఇవ్వండి. అటు తల్లిదండ్రులకూ ఇటు టీచర్‌కూ ఒక్క పేరూ తట్టకపోతే, ఆ రోజు చూడవలసింది మార్కులు కాదు.

తోటి తల్లిదండ్రులకూ ఒక మాట. సగం జట్లు మనమే కడుతున్నాం. పుట్టినరోజుకు ఎవరిని పిలవాలో, ఎవరితో తిరగొద్దో మనమే చెబుతున్నాం. గేటు దగ్గర మనం గుంపులుగా నిలబడి, కొత్తగా చేరిన పిల్లవాడి తల్లిని పలకరించకపోతే లోపల మన పిల్లలూ అదే చేస్తారు. నేనూ చేశాను. మావాణ్ణి ఆటకు చేర్చుకోని పిల్లల తల్లిదండ్రులు నా మీద కష్టం పెట్టుకోవద్దు. వాళ్లూ ఎనిమిదేళ్ల పిల్లలే. ఆటకు తామే సరిపోతామనుకున్నారు, అంతే.

ఒక విషయం మాత్రం మెత్తగా చెప్పను. పిల్లల మాట వినడం అంటే వాళ్లు ఏ పెద్దమనిషి గురించి చెప్పినా వినడమే, ఆ పెద్దమనిషి టీచరైనా, గురువైనా, తల్లిదండ్రులైనా. 2019 మే 7న ఫ్రాన్సిస్ పోపు గారు ఇచ్చి, 2023లో సవరించి స్థిరపరచిన శాసనం ప్రకారం ప్రతి మేత్రాసనంలోనూ (ఒక బిషప్ గారి పరిధిలోనూ) గురువుల మీద, మఠవాసుల మీద వచ్చే లైంగిక వేధింపుల ఫిర్యాదులు స్వీకరించడానికి అందరికీ తెలిసే, సులువుగా చేరుకోగలిగే ఏర్పాటు ఉండాలి. అది ఎక్కడ ఉందో, ఎవరికి చెప్పాలో మన బడి గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాసి పెట్టండి. సాయానికి వచ్చే మాలాంటి తల్లిదండ్రుల వివరాలు కూడా ముందే పరిశీలించండి, ఏ పెద్దవారూ ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకుండా నియమం పెట్టండి. నన్ను కూడా మినహాయించకండి.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో మన పిల్లలు డబ్బాల్లో నాణేలు వేసి దూరదేశాల పిల్లలకు పంపుతారు. పిల్లలే పిల్లలకు సాయపడాలన్న ఆ ఆలోచన 1843లో ఫ్రాన్సు బిషప్ షార్ల్ ద ఫోర్బా-జాన్సాన్ మొదలుపెట్టిన పుణ్య బాల్య సంఘంతో వచ్చింది. మావాడు ప్రతి ఏడాదీ తన డబ్బా నింపుతాడు, నాకు గర్వంగా ఉంటుంది. ఈసారి డబ్బాతో పాటు, ఇంతకుముందు ఎప్పుడూ ఆడని ఒకరితో వారానికొకసారి ఆడాలన్న నియమం కూడా పిల్లలకు ఇస్తే బాగుంటుంది. ఎవరితో ఆడాలో వాళ్లకే వదిలేయండి.

ఒకటో తరగతి పాప పేరు నాకు తెలియదు. మావాడికీ తెలియదు, "ఎప్పుడూ అడగలేదమ్మా" అన్నాడు. ఈ ఉత్తరం మీకు చేరేలోపు అడిగి తెలుసుకుంటానన్నాడు. క్లాస్ టీచర్ గారికి మాత్రం నేను నిన్న సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

వచ్చే సోమవారం నుంచి వారానికి రెండు రోజులు ఇంటర్వెల్ సమయంలో నేను రాగలను. ఇంకో నలుగురు తల్లులు, ఇద్దరు తండ్రులు కూడా ఒప్పుకున్నారు. నింపాల్సిన ఫారాలు, చూడాల్సిన పత్రాలు ఏవైనా ఉంటే శుక్రవారం లోపు చెప్పండి, తెచ్చి ఇస్తాం. మీరు సరేనంటే తాడాట తాళ్లు రెండు నేనే పట్టుకొస్తాను.

మీ శ్రేయస్సు కోరుతూ,
నాలుగో తరగతి విద్యార్థి తల్లి